బరువు వేలాడదీస్తే తీగ ఎంత సాగుతుంది? లెక్కకట్టే పద్ధతి, తప్పులు దొర్లే చోట్లు

రెండు మీటర్ల స్టీలు తీగ, అర మిల్లీమీటరు వ్యాసం, కింద అయిదు కిలోల బరువు. ఈ తీగ సుమారు రెండున్నర మిల్లీమీటర్లు సాగుతుంది. దీన్ని కనుక్కోవడానికి ఒక్క వరుస సూత్రం చాలు. అయినా చేసేవాళ్ల చేతుల్లో ఈ జవాబు నాలుగో వంతుకు పడిపోవడం, పది రెట్లు తేడా రావడం మామూలుగా జరిగేదే. సూత్రంలో లోపం లేదు. వ్యాసం కొలవడంలోనో, ప్రమాణాలు మార్చడంలోనో చెయ్యి జారుతుంది. అన్నిటికంటే ఎక్కువగా, ఆ బరువుకు తీగ సాగి మళ్లీ వెనక్కి రాగల స్థితిలో ఉందా లేదా అన్నది ఎవరూ చూడరు.

అందుకే ఈ లెక్కను మూడు ముక్కలుగా చేయాలి: ముందు ప్రతిబలం (ఒక్కో చదరపు మిల్లీమీటరు మీద పడే బలం), తర్వాత వికృతి (అసలు పొడవులో ఎన్నో వంతు సాగిందన్న లెక్క), ఆఖరున సాగుదల. అంకెలన్నీ ఒకేసారి కాలిక్యులేటర్‌లో కొట్టేస్తే జవాబు వస్తుంది గానీ, మధ్యలో ఆగి చూడాల్సిన చోటు దాటిపోతుంది.

సూత్రం, ప్రమాణాలు

సాగుదల = (బలం × పొడవు) ÷ (మధ్యచ్ఛేద వైశాల్యం × యంగ్ గుణకం)

బరువు రెట్టింపైతే సాగుదల రెట్టింపు. పొడవు రెట్టింపైనా అంతే. తీగ లావై మధ్యచ్ఛేదం (అడ్డంగా కోస్తే కనబడే ముఖం) పెద్దదైతే తగ్గుతుంది, లోహం బిగువైనదై యంగ్ గుణకం ఎక్కువైతే తగ్గుతుంది. లాగే బలానికి తగ్గట్టే సాగుతుందన్న మాట రాబర్ట్ హుక్ 1678లో ప్రచురించినది. యంగ్ గుణకానికి పేరు థామస్ యంగ్ నుంచి వచ్చింది, ఆయన దాన్ని 1807లో వివరించాడు.

ప్రమాణాల గొడవ లేకుండా ఉండాలంటే మొత్తం లెక్కను న్యూటన్లలో, మిల్లీమీటర్లలో నడపండి. పొడవు మిల్లీమీటర్లు, వైశాల్యం చదరపు మిల్లీమీటర్లు, బలం న్యూటన్లు. పట్టికల్లో యంగ్ గుణకం గిగాపాస్కల్‌లలో ఉంటుంది. దాన్ని 1,000తో గుణిస్తే చదరపు మిల్లీమీటరుకు న్యూటన్లు వచ్చేస్తాయి. స్టీలుకు 200 గిగాపాస్కల్‌లు అంటే 2,00,000. ఇలా చేస్తే పది పక్కన మైనస్ ఆరు, మైనస్ తొమ్మిది ఘాతాలు ఎక్కడా రావు, సున్నాలు జారిపోవు.

మొదటి అడుగు: పొడవు

పై బిగింపు నుంచి తీగ బయటికి వచ్చే చోటు మొదలు, కింద బరువు పట్టుకున్న చోటు దాకా కొలవండి. బిగింపు లోపల ఉన్న ముక్కను, కొక్కేనికి చుట్టిన చుట్లను కలపకూడదు. చుట్ట విప్పిన తీగకు వంపులుంటాయి కాబట్టి, అది నిటారుగా నిలిచేలా చిన్న బరువు వేసి ఉంచి కొలవాలి. అర మిల్లీమీటరు తీగకు ఒక కిలో సరిపోతుంది. రెండు మీటర్లలో రెండు మిల్లీమీటర్లు తప్పు కొలిచినా జవాబులో తేడా వెయ్యికి ఒక వంతే. ఇక్కడ మామూలు టేపు చాలు. శ్రద్ధంతా తర్వాతి అడుగు కోసం దాచుకోండి.

రెండో అడుగు: వ్యాసం

లెక్క నిలిచేదీ చెడేదీ ఇక్కడే. వైశాల్యంలో వ్యాసం వర్గమై కూర్చుంటుంది కాబట్టి వ్యాసంలో 2 శాతం తప్పు వస్తే వైశాల్యంలో 4 శాతం తప్పవుతుంది. అర మిల్లీమీటరు తీగ మీద 2 శాతం అంటే 0.01 మిల్లీమీటరు. స్క్రూగేజి మీద ఒక్క గీత! కాబట్టి స్కేలు పనికిరాదు, మామూలు వెర్నియర్ కాలిపర్స్ కూడా సన్న తీగకు చాలదు. స్క్రూగేజి కావాల్సిందే.

ముందు గేజి రెండు దవడలనూ గుడ్డతో తుడిచి, ఖాళీగా మూసి చూడండి. మూసినప్పుడే 0.02 చూపిస్తే ప్రతి రీడింగులోంచి 0.02 తీసేయాలి. సున్నాకు వెనక ఆగితే అంత కలపాలి. ఈ శూన్యాంశ దోషాన్ని వదిలేస్తే అర మిల్లీమీటరు తీగకు వైశాల్యంలో దాదాపు 8 శాతం తప్పు వచ్చిపడుతుంది. బిగించేటప్పుడు పెద్ద తలను తిప్పకుండా చివరనున్న రాచెట్‌ను తిప్పండి, అది రెండు మూడు సార్లు టక్కుమన్నాక ఆపండి. మెత్తని రాగి తీగను చేత్తో బలంగా బిగిస్తే అది గేజిలోనే నలిగి సన్నబడుతుంది.

తీగ పొడవునా కనీసం అయిదు చోట్ల కొలవండి. ప్రతి చోటా ఒకసారి కొలిచి, గేజిని లంబంగా తిప్పి మళ్లీ కొలవండి. తీగలు ఎప్పుడూ నిక్కచ్చిగా గుండ్రంగా ఉండవు. ఈ పది రీడింగుల సగటే మీ వ్యాసం. వైశాల్యానికి:

వైశాల్యం = 0.7854 × వ్యాసం × వ్యాసం

0.5 మిల్లీమీటర్ల తీగకు 0.7854 × 0.25 = 0.1963 చదరపు మిల్లీమీటర్లు. 0.7854 అంటే పై (π, 3.1416) విలువలో నాలుగో వంతు. ఈ రూపమే వాడమని చెప్పడానికి కారణం ఉంది. పై × వ్యాసార్ధం వర్గం అనే సూత్రం గుర్తుపెట్టుకుని, అందులో వ్యాసార్ధం బదులు వ్యాసం వేసేయడం ఈ లెక్కలో అందరూ చేసే తప్పు. వైశాల్యం నాలుగు రెట్లవుతుంది, 2.5 రావాల్సిన చోట 0.62 మిల్లీమీటర్లు వస్తుంది. చూడటానికి నమ్మదగ్గ అంకెలాగే ఉంటుంది కూడా.

గేజి నంబరుతో కొన్న తీగ అయితే పట్టిక విలువ కేవలం సరిచూసుకోవడానికే. ఉదాహరణకు ఎస్‌డబ్ల్యూజీ (స్టాండర్డ్ వైర్ గేజి) 22 అంటే 0.711 మిల్లీమీటర్లు. మోటారు చుట్టే రాగి తీగకు పైన ఎనామిల్ పూత ఉంటుంది. ఆ పూత బరువు మోయదు, కానీ గేజికి మందంగా తగులుతుంది. కొలిచే చోట సన్నని గరుకు కాగితంతో మెల్లగా గీకి, లోహం బయటపడ్డాక కొలవండి. పూతను మంటతో కాల్చి తీయొద్దు. వేడికి రాగి మెత్తబడి వేరే తీగ అయిపోతుంది.

మూడో అడుగు: బలం

కిలోలను 9.81తో గుణించండి. 5 కిలోలు = 49.05 న్యూటన్లు. కొక్కెం, బరువులు పెట్టే పళ్లెం కూడా బరువే, వాటినీ తూచి కలపాలి. కిలోలనే న్యూటన్లుగా వేసేస్తే జవాబు దాదాపు పది రెట్లు తగ్గి, 0.25 మిల్లీమీటరు వస్తుంది.

నాలుగో అడుగు: యంగ్ గుణకం

మామూలు ఉష్ణోగ్రత దగ్గర లెక్కలకు పనికొచ్చే విలువలు, గిగాపాస్కల్‌లలో:

- స్టీలు: 200 నుంచి 210
- స్టెయిన్‌లెస్ స్టీలు: సుమారు 193
- రాగి: 110 నుంచి 130, సాధారణంగా 120
- ఇత్తడి: సుమారు 100
- అల్యూమినియం: సుమారు 70
- టంగ్‌స్టన్: సుమారు 400
- నైలాన్: 2 నుంచి 4

నైలాన్ వరుసను జాగ్రత్తగా వాడండి. బరువు అలాగే ఉంచితే అది గంటలకొద్దీ మెల్లగా సాగుతూనే ఉంటుంది, తేమ పీల్చుకుంటే ఇంకా మెత్తబడుతుంది. దానికి వచ్చే జవాబు ఉజ్జాయింపు మాత్రమే. రబ్బరుకైతే ఈ సూత్రమే పనికిరాదు.

ఇంకో సంగతి చాలామందిని తికమకపెడుతుంది. గట్టి పియానో తీగకూ, చేత్తో మెలిపెట్టగలిగే మెత్తని బైండింగ్ వైరుకూ యంగ్ గుణకం దాదాపు ఒక్కటే. రెండూ స్టీలే. చిన్న బరువుకు రెండూ ఒకేలా సాగుతాయి. తేడా అంతా ఎక్కడి దాకా సాగి వెనక్కి రాగలవు అన్న దాంట్లోనే ఉంది.

అయిదో అడుగు: ప్రతిబలం. ఇక్కడ ఆగాలి

ప్రతిబలం = బలం ÷ వైశాల్యం = 49.05 ÷ 0.1963 = చదరపు మిల్లీమీటరుకు దాదాపు 250 న్యూటన్లు.

ఇప్పుడు కాలిక్యులేటర్ పక్కన పెట్టి ఈ 250ని తీగ స్థితిస్థాపక అవధితో, అంటే తీగ సాగి మళ్లీ వెనక్కి రాగల హద్దుతో, పోల్చండి. అవధి దాటకపోతేనే సూత్రం చెల్లుతుంది. అర మిల్లీమీటరు పియానో తీగ తెగడానికే 2,000కు పైన కావాలి, దానికి 250 ఒక లెక్క కాదు. కాల్చి మెత్తబరిచిన బైండింగ్ వైరు శాశ్వతంగా సాగిపోవడం మొదలయ్యేది సుమారు 200 నుంచి 300 మధ్య. అంటే అదే కొలతల తీగ, అదే బరువు, అదే సూత్రం. పియానో తీగకు జవాబు నమ్మొచ్చు, బైండింగ్ వైరుకు నమ్మలేం.

మెత్తని రాగికి ఇది మరీ ముఖ్యం. 22 గేజి రాగి తీగ 3 మీటర్లు తీసుకుని 4 కిలోలు వేలాడదీశారనుకోండి. వైశాల్యం 0.397, బలం 39.24, ప్రతిబలం సుమారు 99. సూత్రం చెప్పే సాగుదల 2.5 మిల్లీమీటర్లు. గట్టిగా లాగి తయారుచేసిన రాగి అయితే అంతే సాగుతుంది. కాల్చి మెత్తబరిచిన రాగి మాత్రం సుమారు 70 దగ్గరో, అంతకు ముందే లొంగిపోతుంది. అది మిల్లీమీటర్లలో కాదు, సెంటీమీటర్లలో సాగుతుంది, బరువు తీసినా వెనక్కి రాదు. అది మెత్తనిదో గట్టిదో తెలియకపోతే ఒక ముక్కను వంచి చూడండి. వంచిన చోటే ఉండిపోతే మెత్తనిది, స్ప్రింగులా వెనక్కి లేస్తే గట్టిది.

ఆరో అడుగు: వికృతి, సాగుదల

వికృతి = ప్రతిబలం ÷ యంగ్ గుణకం = 250 ÷ 2,00,000 = 0.00125

సాగుదల = వికృతి × పొడవు = 0.00125 × 2,000 = 2.5 మిల్లీమీటర్లు

సరిచూసుకోవడానికి ఒక నోటి లెక్క ఉంది. స్టీలు తీగలో ప్రతిబలం ప్రతి 200కూ మీటరుకు ఒక మిల్లీమీటరు సాగుతుంది. రాగికి ప్రతి 120కి, అల్యూమినియానికి ప్రతి 70కి ఒక మిల్లీమీటరు. ఇక్కడ 250కి మీటరుకు ఒకటింపావు, రెండు మీటర్లకు రెండున్నర. మీ జవాబు ఈ నోటి లెక్కకు దూరంగా ఉంటే ఎక్కడో ప్రమాణం తప్పింది.

రెండు తీగలు కలిసినప్పుడు

ఒకదాని కింద ఒకటి కట్టితే రెండింటి మీదా ఒకే బలం ఉంటుంది. విడివిడిగా లెక్కించి కలిపితే సరిపోతుంది. పైన 0.5 మిల్లీమీటర్ల స్టీలు 1.5 మీటర్లు, కింద 0.8 మిల్లీమీటర్ల ఇత్తడి 1 మీటరు ఉండి 5 కిలోలు వేస్తే స్టీలు 1.87, ఇత్తడి 0.98, మొత్తం 2.85 మిల్లీమీటర్లు.

పక్కపక్కన కట్టి ఒకే కమ్మీని మోయిస్తే లెక్క తిరగబడుతుంది. కమ్మీ సమంగా దిగితే రెండింటి సాగుదల ఒకటే, బరువు మాత్రం పంచుకుంటాయి. ఒకే పొడవు, ఒకే వ్యాసం ఉన్న స్టీలు, రాగి తీగలు 200కు 120 చొప్పున, అంటే 5కు 3 చొప్పున పంచుకుంటాయి. 8 కిలోల్లో స్టీలు 5, రాగి 3. కాగితం మీద బాగానే ఉంటుంది. నిజంగా కట్టేటప్పుడు ఒక తీగ ఒక్క మిల్లీమీటరు వదులుగా ఉన్నా, రెండోది మిల్లీమీటరు సాగేదాకా ఇది ఏమీ మోయదు. తీగలు ఇలా మిల్లీమీటర్లలోనే సాగుతాయి కాబట్టి బరువంతా ఒకదాని మీదే పడొచ్చు. బిగుతు సరిచేసే స్క్రూ లేకుండా పక్కపక్క తీగలను నమ్మకండి.

బరువును వదిలేస్తే

ఇంతవరకూ చెప్పిందంతా మెల్లగా దించిన బరువుకు. కొక్కేనికి తగిలించి, చేత్తో పట్టుకుని ఉన్న బరువును ఒక్కసారిగా వదిలితే తీగ ముందు రెట్టింపు దాకా సాగి, తర్వాత ఊగుతూ సర్దుకుంటుంది. ఎత్తు నుంచి పడితే ఎన్ని రెట్లు సాగుతుందో ఇలా వస్తుంది:

రెట్లు = 1 + వర్గమూలం (1 + 2 × ఎత్తు ÷ మెల్లగా దించితే వచ్చే సాగుదల)

మన తీగకు అయిదు కిలోలు కేవలం 10 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడిందనుకోండి. 2 × 100 ÷ 2.5 = 80. ఒకటి కలిపితే 81, వర్గమూలం 9, మొత్తం 10 రెట్లు. ప్రతిబలం 250 నుంచి 2,500కు ఎగబాకుతుంది. జానెడు కూడా లేని ఎత్తు, పియానో తీగను సైతం తెగే అంచుకు తెచ్చేస్తుంది. తీగ ఎంత తక్కువ సాగేదైతే దెబ్బ అంత గట్టిగా తగులుతుంది.

అడ్డంగా కట్టిన తీగ

నిలువు తీగ లెక్కను అడ్డ తీగకు వాడటం ప్రమాదకరమైన తప్పు. రెండు గోడల మధ్య 2 మీటర్ల మేర అదే అర మిల్లీమీటరు స్టీలు తీగను వదులు లేకుండా, ముందస్తు బిగుతు లేకుండా కట్టి, సరిగ్గా మధ్యలో అదే 5 కిలోలు వేలాడదీయండి. తీగలోని బలం 49 న్యూటన్లు కాదు. మధ్య బిందువు ఎంత దిగుతుందో ఇలా వస్తుంది:

దిగుడు = సగం పొడవు × ఘనమూలం (బలం ÷ (యంగ్ గుణకం × వైశాల్యం))

49.05 ÷ (2,00,000 × 0.1963) = 0.00125. ఘనమూలం సుమారు 0.108. సగం పొడవు 1,000 కాబట్టి తీగ మధ్యలో 108 మిల్లీమీటర్లు దిగుతుంది. తీగలోని బలం సుమారు 229 న్యూటన్లు, ప్రతిబలం దాదాపు 1,160. నిలువుగా ఉన్నప్పటికంటే నాలుగున్నర రెట్లు. బైండింగ్ వైరు అయితే ఇక్కడ తెగిపోతుంది.

తీగ సాగింది మాత్రం 12 మిల్లీమీటర్లలోపే. అంత కొద్ది సాగుదలకు అంత లోతు ఎందుకంటే, దాదాపు తిన్నగా ఉన్న తీగలో కొంచెం పొడవు పెరిగినా మధ్య బిందువు చాలా కిందికి రావాల్సి ఉంటుంది. దిగకుండా ఉండాలని ముందే గట్టిగా బిగిస్తే తీగలో ప్రతిబలం ఇంకా పెరుగుతుంది. గోడలోని మేకుల మీదా అంతే. దిగుడును ఒప్పుకుని, తీగ లావు పెంచడమే సరైన దారి.

సొంత బరువు, వేడి

తీగ తన బరువుకు తానే సాగుతుంది. మొత్తం బరువును చివర వేలాడదీస్తే వచ్చేదాంట్లో సగం. లావుతో సంబంధం లేదు, ఎందుకంటే లావు పెరిగితే బరువూ, మోసే వైశాల్యమూ కలిసే పెరుగుతాయి. స్టీలుకు 100 మీటర్ల దగ్గర ఇది 1.9 మిల్లీమీటర్లు. పొడవు వర్గంతో పెరుగుతుంది కాబట్టి 1,000 మీటర్లకు 19 సెంటీమీటర్లు. రెండు మీటర్ల తీగకు లెక్కలోకే రాదు.

వేడిని మాత్రం వదిలేయకూడదు. స్టీలు ప్రతి డిగ్రీకి మీటరుకు సుమారు 0.012 మిల్లీమీటరు వ్యాకోచిస్తుంది. రెండు మీటర్లకు పది డిగ్రీల మార్పు వస్తే 0.24 మిల్లీమీటరు. మన 2.5లో దాదాపు పదో వంతు.

తాడులా పేనిన స్టీలు తీగ

పేనిన వైర్ రోప్‌కు రెండు అంకెలు మారతాయి. బయటి వ్యాసంతో వచ్చే వృత్తమంతా లోహం కాదు. నార గుండె ఉన్న రోప్‌లో లోహ వైశాల్యం ఆ వృత్తంలో సుమారు సగం. యంగ్ గుణకం కూడా 200 ఉండదు, పేట సర్దుకుంటుంది కాబట్టి తగ్గుతుంది. రెండూ తయారీదారు పట్టికలోంచి తీసుకోవాలి. 8 మిల్లీమీటర్ల రోప్, 10 మీటర్లు, 500 కిలోలు తీసుకోండి. గట్టి కడ్డీలా లెక్కిస్తే 4.9 మిల్లీమీటర్లు వస్తుంది. లోహ వైశాల్యం 25.6, గుణకం 100 గిగాపాస్కల్‌లు వేస్తే 19 మిల్లీమీటర్లు. నాలుగు రెట్లు తేడా. కొత్త రోప్ మొదటి కొన్నిసార్లు లాగినప్పుడు పేట బిగుసుకుని అదనంగా శాశ్వతంగా సాగుతుంది. అది ఈ సూత్రంలో రాదు.

కొలిచి సరిచూడటం

ఒకే దూలానికి ఒకే లోహపు తీగలు రెండు పక్కపక్కన కట్టండి. ఒకటి బరువు మారని పోలిక తీగ, రెండోది పరీక్ష తీగ. పరీక్ష తీగ పోలిక తీగకంటే ఎంత దిగిందో కొలవాలి. దూలం కాస్త వంగినా, గదిలో వేడి పెరిగినా రెండూ కలిసే కదులుతాయి, తేడాలోంచి ఆ దోషం పోతుంది. ప్రయోగశాలల్లో యంగ్ గుణకం కొలిచే సెర్ల్ పరికరం పనిచేసేది ఇలాగే. కొలవడానికి 0.01 మిల్లీమీటరు చూపే డయల్ గేజి గానీ, స్క్రూ, నీటిమట్టం ఉన్న చట్రం గానీ కావాలి. తెగే తీగ కొరడాలా కొడుతుంది కాబట్టి కళ్లద్దాలు పెట్టుకోండి, బరువు కింద ఇసుక తట్ట ఉంచండి, పాదాలు దూరంగా పెట్టండి.

ఒక కిలో వేసి అక్కడి నుంచి సున్నాగా తీసుకోండి. అర కిలో చొప్పున పెంచుతూ, ప్రతిసారీ ఒకటి రెండు నిమిషాలు ఆగి రీడింగు రాయండి. పైన చెప్పిన పియానో తీగకు ప్రతి అర కిలోకూ పావు మిల్లీమీటరు కదలిక కనబడాలి. తర్వాత అదే మెట్లలో బరువులు తీస్తూ మళ్లీ రాయండి. గ్రాఫు గీసి వాలు చూడండి: కిలోకు 0.5 మిల్లీమీటరు వస్తే 9.81 × 2,000 ÷ (0.5 × 0.1963) = దాదాపు 2,00,000, అంటే స్టీలు యంగ్ గుణకం. మొదటి ఒకటి రెండు బిందువులు గీతకు పక్కన పడితే తీగ వంపులు ఇంకా తీరలేదన్నమాట. వాటిని వదిలేసి మిగతా బిందువుల మీదుగా గీయండి.

బరువులు తీసేటప్పటి గీత ఎక్కేటప్పటి గీతకు సమాంతరంగా, కానీ పక్కకు జరిగి వస్తే రెండు కారణాలు ఉండొచ్చు. తీగ శాశ్వతంగా సాగి ఉండాలి, లేదా బిగింపులోంచి జారి ఉండాలి. ఇది తేల్చడానికి పరీక్ష మొదలుపెట్టే ముందే, పై బిగింపు అంచుకు ఆనుకుని తీగ మీద, కింది బిగింపు దగ్గర కూడా, సన్నని ఇంకు గీత పెట్టి ఉంచండి. చివర్లో ఆ గీతకూ అంచుకూ మధ్య మెరిసే లోహం కొత్తగా కనబడితే తీగ జారింది, బిగింపు స్క్రూలు గట్టిచేసి మళ్లీ మొదలుపెట్టాలి. రెండు చోట్లా గీత అంచుకే అంటుకుని ఉంటే తీగే లొంగిపోయింది. అప్పుడు దాని వ్యాసం మళ్లీ కొలిచి, అంతకు ముందు వేసిన ఆఖరి బరువుకు ప్రతిబలం ఎంతో రాసి పెట్టుకోండి. ఆ తీగకు హద్దు అంతకు లోపే ఉంది.